నాలుగో గోడ ముఫ్తు

పక్కింటి కోడలు పోయిన వారం గ్యాస్ పొయ్యి, కుట్టుమిషను, రెండు ట్రంకు పెట్టెలు, ఒక చిలక పంజరం తెచ్చి మా వసారాలో దించింది. ఇంటి వెనక ఒక గది వేయిస్తున్నారట. "రెండే రోజులు పెద్దమ్మా. ఎనుక గోడ ఎట్లనో ఉండనే ఉన్నది. మూడు గోడలు లేపితె అయిపాయె" అంది. నాకు నవ్వు ఆగలేదు. పాపం ఆ పిల్ల మొహం ముడుచుకుంది. చిలక కూడా నా వంక అదోలా చూసింది.

నేను నవ్వింది ఆమెను చూసి కాదు. నలభై ఏళ్ళ కింద ఇదే మాట చెప్పి మా గడపలో కాలు పెట్టిన ఒక గోడలు కట్టే మేస్త్రిని తలుచుకుని. ఆయన పేరు చెప్పను. స్టేషన్ ఘన్‌పూర్ వైపు ఆయన మనవలు ఇప్పటికీ ఇళ్ళు కడుతున్నారు, నా నోటివల్ల వాళ్ళ పని పోకూడదు. అయినా మా ఇంట్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరం మేస్త్రీ అనేవాళ్ళం. కోపం వచ్చినప్పుడు మా అత్తమ్మ పిలిచే పిలుపులు వేరే ఉండేవి గానీ అవి రాయదగ్గవి కావు.

అప్పుడు మాది కరీమాబాదులో చిన్న పెంకుటిల్లు. నేను కోడలిగా వచ్చి మూడేళ్ళయింది. ఎక్కడో యుద్ధం జరుగుతుంటే ఇక్కడ మాకు నూలు చీటీల మీద దొరికేది. ఇంట్లో మగ్గం ఒక్కటే. పొద్దున దాని మీద మా మామ కూర్చునేవాడు, ఎండెక్కాక మా ఆయన కూర్చునేవాడు. వాళ్ళిద్దరిలో ఎవరు చుట్ట కాల్చుకోవడానికి లేస్తే ఆ సందులో మా మరిది దూరేవాడు.

ఆ మరిదికి వర్ధన్నపేటలో పిల్లను చూశారు. చూసి వచ్చిన రోజు నుంచి అతను అన్నం కలుపుకోవడం మరిచిపోయి ఉత్త అన్నం తినేవాడు. పిల్ల తండ్రి కూడా మాలాగే నేతపని మనిషి, ముక్కుసూటిగా మాట్లాడేవాడు. "పిలగాడు మంచోడే బావా. గని అన్న ఎప్పుడు లేస్తడా అని మగ్గం పక్కన కూసుండెటోనికి పిల్లనియ్య. సొంత మగ్గం పెట్టిచ్చుండ్రి. మొదటి వానలు పడంగనె నేనొచ్చి చూస్త. ఉంటె లగ్గం, లేకుంటె లేదు" అని మా మామ మొహం మీదే చెప్పాడు.

మగ్గం అంటే నేలలో గుంట తవ్వాలి, గుంజలు పాతాలి, పడుగు దారాలు సాగదీయడానికి బారుగా చోటు కావాలి. ఇంట్లో అంత చోటు లేదు. పక్కన ఖాళీ జాగా ఉంది, అందులో విడిగా మగ్గానికో అర్ర, ఒక చిన్న గది, వేయించమని మా అత్తమ్మ చెప్పింది. మా మామ ఆమె వంక జాలిగా చూశాడు.

"విడిగ కడ్తె నాలుగు గోడలు గావాలెనే. ఇంటి ఎనుక గోడకు ఆనిచ్చి కడ్తె మూడే. నాలుగో గోడ ముఫ్తు!"

ఈ ఉచిత గోడ లెక్క ఆయనకు ఎంత నచ్చిందంటే వీధిలో కనబడ్డ ప్రతివాడినీ ఆపి చెప్పాడు. విన్నవాళ్ళందరూ భేష్ అన్నారు. మా అత్తమ్మ ఒక్కతే మూతి తిప్పుకుంది. ఆమె మూతి తిప్పిన సంగతులు చాలావరకు నిజమయ్యేవి. అందుకే ఆ ఇంట్లో ఎవరూ ఆమె మూతి వంక చూసేవాళ్ళు కాదు.

అలా మూడు గోడలు కట్టడానికి మేస్త్రి వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, కాస్త ముందుకు వంగి ఉండేవాడు. చెవి మీద ఎప్పుడూ సగం కాల్చిన బీడీ. ఆయన ధోవతికి ఎన్నేళ్ళ సున్నం పట్టిందో, విప్పి పక్కన పెడితే తనంతట తనే నిలబడుతుందని మా మరిది అనేవాడు. వచ్చీ రాగానే ఎవరినీ పలకరించకుండా నేరుగా వెనక గోడ దగ్గరికి పోయి, వేలి కణుపుతో టకటకా కొట్టి, చెవి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

"జర మగ్గం ఆపుండ్రి. గోడ మాట్లాడ్తాంది."

మా ఆయన మగ్గం ఆపాడు. నేను దంచుతున్న రోకలి ఆపాను. మా మామ గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమంటాంది మేస్త్రీ?"

"మంచిగనే ఉన్నది అన్నా. జర ముసలిది. పక్కకు కొత్త గోడలొచ్చి నిలవడ్తె మొదలు మొదలు గులుగుతది. పాత గోడంటె అత్త, కొత్త గోడంటె కోడలు. రెండు వానలు పడ్డంక అవ్వే సదురుకుంటయి" అని కళ్ళు తెరిచి, మా అత్తమ్మనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. ఆ రోజు ఆయనకు మా ఇంట్లో మజ్జిగ పుట్టలేదు.

కొత్త ఇళ్ళంటే ఆయనకు చిన్నచూపు. మా వీధి చివర ఎవరో షావుకారు కొత్తగా ఇల్లు కట్టిస్తుంటే, అటు నుంచి వచ్చేటప్పుడు తలపాగా కొంగు చెంపకు అడ్డం పెట్టుకుని నడిచేవాడు. "కొత్తిల్లు ఎవడైన కడ్తడు బిడ్డా. ఖాళీ జాగల నాలుగు గోడలు లేపుడు ఒక పనా? పాతదానికి అతుకెయ్యాలె. అతుకేసింది కండ్లకు కనపడొద్దు. అదీ సుతారి పనితనమంటె" అని నాతో అనేవాడు. ఆ మాటకు మా మామ పొంగిపోయేవాడు. తెగిన పోగును కనబడకుండా అతికించడమే పనితనమని నమ్మినవాడు కదా ఆయన కూడా. ఇద్దరూ అరుగు మీద కూర్చుని అతుకుల గొప్పతనం గురించి మాట్లాడుకుంటుంటే వినడానికి ఎంతో బాగుండేది. పని మాత్రం జరిగేది కాదు.

మేస్త్రి నోట ఒక మాట ఎన్నడూ రాలేదు. కూలగొట్టడం అనేవాడు కాదు. గడ్డపార ఎత్తి గోడ మీద దెబ్బ వేస్తూ కూడా, "కూలగొడ్తలేను వదినె, జర తీసి పక్కకు పెడ్తాన" అనేవాడు మా అత్తమ్మతో. ఆయన తీసి పక్కకు పెట్టినదంతా మా వాకిట్లో రోజుకింత కుప్పగా పెరిగింది.

మొదట పక్కకు పెట్టింది, కొత్త అర్రలోకి పోవడానికి దారి కోసం వెనక గోడలో మనిషి పట్టేంత ముక్క. రెండు దెబ్బలు వేయగానే గడ్డపార కర్రకు తగిలింది. మట్టి గీకి చూస్తే గోడ లోపల ఇంకొక దర్వాజ ఉంది, పూర్తి చౌకట్టుతో సహా. ఎప్పుడో మా మామ వాళ్ళ తాత కూడా ఇంటిని వెనక్కి పెంచి, పాత దారి మూయించాడన్నమాట. మేస్త్రి ఇంటిల్లిపాదినీ పిలిచాడు.

"సూసిండ్రా! నాకంటె ముందుగాల నా అసోంటోడే ఒకడు ఈడ అతుకేసి పోయిండు!"

లోపలి మట్టిపూతలో ఎవరిదో బొటనవేలి అచ్చు ఉంది. మేస్త్రి దానిలో తన బొటనవేలు పెట్టి చూసుకున్నాడు. సరిపోయింది. ఆ నిమిషం ఆయన మొహం చూసి నాకు ఆయన మీద కోపం పెట్టుకోవడం ఇక ఈ జన్మకు కుదరదని తెలిసిపోయింది. అయితే ఆ చౌకట్టును చేత్తో పట్టుకోగానే అది పిండిలా రాలింది. నిండా చెదలు. మొదటి రోజు గోడ మాట్లాడిందని మమ్మల్ని మగ్గం ఆపమన్నాడే, ఆ మాట్లాడింది గోడ కాదు, చెదలే. మా అత్తమ్మ ఈ సంగతి వీధి వీధంతా చెప్పి వచ్చింది.

చెదలున్న మేరకు తీసి పక్కకు పెట్టాడు. పైన దూలం జారకుండా కింద గుంజలు పెట్టాడు. గుంజలు మగ్గం గుంటలో పడ్డాయి, కాబట్టి ఉన్న ఒక్క మగ్గమూ ఆగిపోయింది. కొత్త అర్రకు ఎత్తు చాలాలంటే పాత కప్పు వెనక వాలు పైకి లేపాలన్నాడు, పెంకలు దించాడు. దించినవాటిలో మూడోవంతు పగిలాయి. కుమ్మరి దగ్గరికి పోతే అంత చిన్న పెంకలు తన తండ్రి చేసేవాడని, ఇప్పుడు అందరూ పెద్దవే అడుగుతున్నారని చెప్పాడు. చిన్న పెంక మీద పెద్ద పెంక కూర్చోదు. అందుకని అన్నీ కొత్తవే కొన్నాం. "ముఫ్తు గోడ మొదట నా కాళ్ళ కడియాలు తిన్నది, ఇంక ఏం మిగిలిందని చూస్తాంది" అని మా అత్తమ్మ గోడ వంక చేతులు తిప్పుతూ తిట్టేది. నిజంగానే ఆమె వెండి కడియాలు ఆ నెలలో వెళ్ళిపోయాయి.

ఇంత జరిగినా మూడు గోడలూ లేచాయి, బాగా లేచాయి. నర్సంపేట వైపు నుంచి తెచ్చిన టేకుతో వడ్లాయన కొత్త మగ్గం చేసి పంపాడు. మా మరిది స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, గుంజలు పాతే చోటు కొలవబోయాడు. మగ్గం పట్టలేదు. జానెడు తక్కువైంది.

మా మామ తన కొలత తప్పు కాదని పంతం పట్టాడు. అర్ర ఎంత పొడుగు కావాలో నూలుపోగుతో కొలిచి, నాలుగు పేటలు పురిపెట్టి, సరిగ్గా తెంపి తనే స్వయంగా మేస్త్రి చేతికిచ్చాడు. అదే కొలతతో ఇంకొక పోగు గూట్లో దాచాడు. మేస్త్రి కూడా పంతం పట్టాడు. ఇచ్చిన దారానికి వెంట్రుకవాసి తేడా లేకుండా పునాది గీత కొట్టానని ఒట్టు పెట్టుకున్నాడు. వాళ్ళు అరుచుకుంటుంటే నేను గూట్లో ఉన్న పోగునూ మేస్త్రి సంచిలో ఉన్న పోగునూ తెచ్చి పక్కపక్కన పట్టి చూశాను. మేస్త్రిది ఎర్రగా ఉంది, జానెడు పొట్టిగా ఉంది.

"ఇది ఎర్రగెట్లయింది?" అన్నాడు మా మామ.

"జేగురు నీళ్ళల్ల నానబెట్టిన. నానబెట్టకుంటె నేల మీద గీత ఎట్ల పడ్తది?"

"నూలు తడిపితె గుంజుకపోతదని తెల్వదా?"

"నాకేం తెలుసు అన్నా? నేను నేసెటోన్నా? నువ్వు చెప్పలె."

"నువ్వు అడుగలె!"

తడిసిన నూలు కుంచించుకుపోతుందని మా మామకు పుట్టినప్పటి నుంచి తెలుసు. దారం తడపకుండా గీత కొట్టకూడదని మేస్త్రికి పుట్టినప్పటి నుంచి తెలుసు. ఎవరికి తెలిసింది వాళ్ళు భద్రంగా మనసులోనే ఉంచుకున్నారు. మా మరిది ఆ రెండు పోగులూ చేతిలో పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు. అప్పటికి మబ్బులు పడుతున్నాయి. పిల్ల తండ్రి వస్తానన్న రోజులు వచ్చేశాయి.

కొత్త అర్ర వెనక గోడను జానెడు బయటికి జరుపుదామంటే అవతల బాట ఉంది. ఇప్పటికైనా ఆ మూడు గోడలనూ వదిలేసి పక్క జాగాలో కొత్తగా కట్టమని అత్తమ్మ మొత్తుకుంది. మేస్త్రి ఒప్పుకోలేదు. లేపిన గోడలను వదిలిపోవడం తన ఇంటా వంటా లేదన్నాడు. జానెడు చోటు పాత ఇంటి వైపు నుంచే తీసుకుంటానన్నాడు. అంటే ముఫ్తు గోడను మొత్తం తీసి పక్కకు పెట్టి, జానెడు ముందుకు జరిపి మళ్ళీ కట్టడం. మూడు రోజుల పనేనట.

ఆ గోడ తీశాక తెలిసింది, పాత ఇల్లంతా దాని మీదే ఆనుకుని ఉందని. పక్క గోడలు రెండూ లోపలికి వాలాయి. వాటినీ పక్కకు పెట్టాడు. దూలం దించక తప్పలేదు. ఒక్కొక్కటి తీసేటప్పుడు మేస్త్రి మా వంక చూడటం మానేశాడు. చివరికి ముందువైపు దర్వాజ ఒక్కటి మిగిలింది. చుట్టూ గోడ లేదు, పైన కప్పు లేదు, దర్వాజ మాత్రం నిటారుగా నిలబడి ఉంది. మా అత్తమ్మ రోజూ పొద్దున దాని ముందు ఊడ్చి, ముగ్గు వేసి, గడపకు పసుపు రాసేది. ఎవరైనా పక్క నుంచి లోపలికి వచ్చారా, తిట్లే తిట్లు. "కడప దాటకుండ ఇంట్లకొచ్చుడేంది?" అనేది. మేమంతా ఆ దర్వాజలోంచే లోపలికి వెళ్ళి, వానకు టార్పాలిన్ కింద కూర్చునేవాళ్ళం.

సరిగ్గా ఆ స్థితిలో పిల్ల తండ్రి వచ్చాడు. వీధిలో నిలబడి చాలాసేపు చూశాడు.

"ఇల్లేది బావా?"

మా మామ టార్పాలిన్ కొసలు సర్దసాగాడు. మా అత్తమ్మ మాత్రం చెంబుతో నీళ్ళు తెచ్చింది. "ముందుగాల కాళ్ళు కడుక్కోండ్రి అన్నా. ఇట్ల దర్వాజల నుంచి రాండ్రి."

ఆయన నాలుగు దిక్కుల్లో ఎటు నుంచైనా రావచ్చు. అయినా మర్యాదస్తుడు, కాళ్ళు కడుక్కుని, తల తగలకుండా వంగి, దర్వాజలోంచే వచ్చాడు. మంచం మీద కూర్చుని మట్టికుప్పను చూశాడు, పెంకల కుప్పను చూశాడు, ఒకదానికొకటి సంబంధం లేకుండా నిలబడ్డ మూడు గోడలను చూశాడు. నీళ్ళు తాగి, కండువా దులుపుకుని లేచాడు.

"సరే బావా. మల్ల కలుద్దాం."

ఆ మల్ల కలుద్దాం అంటే ఏమిటో అక్కడున్న అందరికీ అర్థమైంది. మా మరిది తల దించుకుని గోటితో చాప పుల్లలు పీకుతున్నాడు. నాకు ఏడుపు వచ్చింది. అప్పుడు మేస్త్రి మట్టికుప్ప మీద నుంచి దిగి, చెవి మీది బీడీ తీసి పారేసి, ఆయన దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"అన్నా, ఒక్క మాట. వీళ్ళ తప్పేం లేదు. ఈ వదినె మొదటి సంది చెప్తనే ఉన్నది, కొత్తది కట్టమని. నేనే వినలె. నా పంతం కోసం ఇల్లు కూలగొట్టిన. కొత్తగ కడ్తె ఇందుల సగం ఖర్చుతోని ఎప్పుడో అయిపోతుండె. పిలగాన్ని చూసి ఇయ్యి. నన్ను చూసి పోకు."

కూలగొట్టిన అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎన్ని తిట్టినా ఆ రోజు ఆ మనిషిని చూసి ఆమెకూ కళ్ళు తడిశాయి.

పిల్ల తండ్రి అయోమయంగా చూశాడు. "ఇల్లు కూలగొట్టుడు ఎందుకచ్చింది?"

"మగ్గం ఏసెటందుకు అర్ర గావాలె గద బావా" అన్నాడు మా మామ.

"అర్ర ఎవలడిగిండ్రు? నేను మగ్గమడిగిన. మా ఇంట్ల మగ్గం వాకిట్ల పందిరి కిందనే ఉంటది."

నాలుగు గుంజలూ గుప్పెడు తాటాకులతో తీరిపోయే పనికి మేము ఒక ఇంటిని తిన్నాం. మా అత్తమ్మ మా మామ వంక చూసిన చూపు నేను ఇంకెవరి మొహంలోనూ చూడలేదు.

"మగ్గమైతె ఉన్నదా?" అన్నాడాయన. మా మరిది పరుగున పోయి కొత్త మగ్గం మీద కప్పిన గోనెపట్టాలు లాగేశాడు. పిల్ల తండ్రి కొత్త టేకును అరచేత్తో రుద్దాడు, పోగును దగ్గరికి కొట్టే పలకను ఆడించి చూశాడు. "మంచి కట్టె. ముహూర్తం పెట్టిచ్చుండ్రి" అన్నాడు.

కథ అక్కడ ఆగితే బాగుండేది. ఆయన పోతూ పోతూ మేస్త్రి కట్టిన మూడు గోడల దగ్గర ఆగి, వాటిని చేత్తో తట్టాడు.

"గోడలు మాత్రం మంచిగ లేపినవు మేస్త్రీ. మా ఇంటెనుక చిన్న వంటర్ర దించాలనుకుంటాన. గోడ ఎట్లనో ఉండనే ఉన్నది..."

మా మామ మంచం మీద నుంచి ఎగిరి దూకాడు. "వద్దు బావా! నా మాట విను!"

"నీది మట్టిగోడ బావా. మాది గట్టిది" అన్నాడాయన నిమ్మళంగా. క్షణం కింద కళ్ళనీళ్ళు పెట్టుకున్న మేస్త్రి మొహం దీపంలా వెలిగింది. "పోయి జర చూద్దాం" అన్నాడు.

వానలు వెనకబట్టాక ఆయన మాకు కొత్త ఇల్లు కట్టాడు. నాలుగు కొత్త గోడలు, నలభై రోజులు. వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆ నలభై రోజులూ ఆయన ఈగలు తోలుకుంటున్నవాడిలా దిగాలుగా ఉన్నాడు. అది కాగానే సంచి భుజాన వేసుకుని ఉత్సాహంగా వర్ధన్నపేట పోయాడు.

మాఘమాసంలో లగ్గం. పెళ్ళి పిల్ల ఇంట్లో జరగాలి. ఇంకా నాలుగు రోజులున్నాయనగా మా ఇంటి ముందు రెండు బండ్లు ఆగాయి. మొదటి బండిలో పిల్ల తండ్రి, తల్లి, ముసలి అవ్వ, పెళ్ళిపిల్ల. రెండో బండిలో వంటపాత్రలు, మేకపిల్ల, తిరగలి. పిల్ల తండ్రి దిగి మా మామ వంక చూడకుండా నేల వంక చూస్తూ, "లగ్గం మీ ఇంట్లనే చేద్దాం బావా" అన్నాడు. మా మామకు సంగతి తెలిసిపోయింది. ఆయన భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకుపోయాడు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ బావలు కాదు, అన్నదమ్ములు.

పెళ్ళి మా వాకిట్లో పందిరి కింద జరిగింది. అప్పగింతలప్పుడు అందరూ వలవలా ఏడ్చారు. ఏడ్చి, ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ కలిసి ఒకే ఇంట్లోకి వెళ్ళారు. కొత్త ఇంటి వెనక గోడ తోడై పూర్తయిన మగ్గం అర్రలో అవ్వ, మేకపిల్ల, తిరగలి చేరాయి. మా వియ్యాలవారు ఉగాది దాటేదాకా మాతోనే ఉన్నారు. ఇంట్లో చీమకు కూడా చోటు లేక, మా మరిది పెళ్ళిపందిరి విప్పకుండా దాని కిందే గుంట తవ్వి మగ్గం వేసుకున్నాడు. అతను నేస్తుంటే ఆ పిల్ల పక్కన కూర్చుని కండెలు చుట్టేది. ఇంట్లో పదిమంది మధ్య ఒకరి మొహం ఒకరు చూసుకోలేని ఆ కొత్త జంట రోజంతా ఆ మగ్గం చప్పుడు మాటున ఏవో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు.

ఒకనాడు మేస్త్రి దూలం కర్ర సంగతేదో అడగడానికి వర్ధన్నపేట నుంచి వచ్చాడు. వీధిలోనే ఆగి, పందిరి కింద ఉన్న ఆ ఇద్దరినీ చూస్తూ నిలబడ్డాడు. నేను మజ్జిగ తీసుకుపోయి ఇచ్చాను.

"నాలుగు గుంజలు. గోడ ఒక్కటి లేదు" అన్నాడు. "ఇన్నేండ్ల పనిల నేనెన్నడు గిట్లాంటి ఇల్లు కట్టలె బిడ్డా."

మజ్జిగ తాగి, వచ్చిన పని అడగకుండానే వెళ్ళిపోయాడు.